యమ్నా చెప్పని మాట

గాబెస్ ఖాతం ఒడ్డున రాస్ మిల్హా పల్లెలో గుల్లలు ఏరే ఆడవాళ్ళు అరవై మంది దాకా ఉంటారు. వాళ్ళందరిలో యమ్నా కన్నుకు సాటి వచ్చే కన్ను లేదని ఆ అరవై మందీ ఒప్పుకునేవారు. ఒప్పుకోని రోజున యమ్నాయే ఒప్పించేది. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తీస్తే కిలోమీటరు పొడవున ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుకలో గుల్ల ఊపిరి తీసుకునే బెజ్జాలు రెండు, పక్కపక్కనే, సూదితో గుచ్చినట్టు ఉంటాయి. మిగతావాళ్ళు నడుం వంచి వెతుక్కునేవారు. ఆమె నిలబడే చూసేది. కొడవలి మొన ఒక్క గుచ్చు, ఒక్క తిప్పు, గుల్ల పైకి. తొమ్మిదో ఏట తల్లి వెంట మొదటిసారి ఇసుకలో దిగింది. ఇప్పుడు యాభై రెండు.

వసీలా ఆమెకు తోడికోడలు, మరిది పెళ్ళాం. పద్నాలుగేళ్ళ క్రితం గుట్టల మీది ఊరినుంచి కాపరానికి వచ్చింది. గొర్రెల ఉన్ని వడకడం తప్ప ఏ పనీ తెలియదు. మొదటిసారి సముద్రం చూసి, "ఇన్ని నీళ్ళే! ఎవరికని?" అని అడిగింది. ఆ మాట చెప్పుకుని ఊరంతా నెల రోజులు నవ్వారు. నవ్వని మనిషి యమ్నా ఒక్కతే. మర్నాడే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆటులోకి తీసుకుపోయింది. ఏది గుల్ల బెజ్జమో ఏది పురుగు బెజ్జమో చూపించింది. కొడవలి ఎంత వాలుగా పట్టాలో మణికట్టు పట్టుకుని నేర్పింది. "అక్కా, అక్కా" అంటూ వసీలా కొంగు పట్టుకుని తిరిగేది. "నా చేతి కింద తయారైంది" అని యమ్నా అందరికీ చెప్పుకునేది. అలా చెప్పుకోవడంలో ఆమెకు ఎంతో తృప్తి ఉండేది.

ఆ తృప్తి ఒక దుప్పటి మీద చెడిపోయింది.

అప్పటికి గుల్లలు ఏటేటా తగ్గిపోతున్నాయి. పొద్దున్నించీ వంగి తవ్వినా బుట్ట అడుగు కప్పడం కష్టంగా ఉండేది. పైనుంచి ఉత్తర్వులు వచ్చేవి. ఫలానా నెలలో తవ్వొద్దు, ఫలానా సైజు కన్నా చిన్నవి ముట్టుకోవద్దు. వాటిని ఎవరూ చదివేవారు కాదు, చదివినవాళ్ళు పాటించేవారు కాదు. అప్పుడు తీరప్రాంతపు ఆఫీసునుంచి సిహామ్ అనే అమ్మాయి వచ్చింది. మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ బడి గదిలో కూర్చోబెట్టి, నేలమీద తెల్ల దుప్పటి పరిచి, "ఈ తీరం మీది. ఎక్కడ ఏముందో మీరే గీయండి. ఏది ఎప్పుడు మూసెయ్యాలో, ఎవరు కాపలా కాయాలో మీరే చెప్పండి. నేను రాసుకుంటాను" అంది.

ఎనభై ఏళ్ళ ఖద్దూజా అవ్వ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, "ఇన్నేళ్ళలో మమ్మల్ని ఒక మాట అడిగినవాడు లేడు. ఒంట్లో బాగానే ఉందా తల్లీ నీకు?" అంది. గది గొల్లుమంది.

పడవలవాళ్ళు తమ వైపు గీసేశాక పెన్సిలు ఆడవాళ్ళ దగ్గరికొచ్చింది. సిహామ్ దాన్ని తిన్నగా యమ్నా చేతిలోనే పెట్టింది. యమ్నా దాన్ని కొడవలిలా పట్టుకుంది. తెల్ల దుప్పటి కేసి చూసింది. అక్షరం ముక్క రాని చెయ్యి అది. మొగవాళ్ళందరూ చూస్తున్నారు. "ఇదుగో నువ్వు గియ్యవే, ఆరో తరగతి దాకా చదివావుగా" అని పెన్సిలు పక్కనున్న వసీలాకు ఇచ్చేసింది.

చెప్పిందంతా యమ్నాయే. కాలువ ఇక్కడ మలుపు తిరుగుతుంది, ఇది తెల్లమేట, ఇక్కడ గట్టినేల, అక్కడ నాచు, ఇటు బురద. వసీలా గీస్తూ పోయింది. చెయ్యి తేలిక. మలుపు ఉన్నచోట మలుపు, మేట ఉన్నచోట మేట. గంట తిరిగేసరికి తీరమంతా దుప్పటి మీదికి వచ్చేసింది. సిహామ్ చప్పట్లు కొట్టి, "అబ్బ, ఎంత బాగా తెలుసు వసీలా నీకు!" అంది. మొగవాళ్ళూ చప్పట్లు కొట్టారు. వసీలా ఏదో అనబోయి, సిగ్గుపడి, శాలువా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమె ఏమనబోయిందో యమ్నా తర్వాత రెండేళ్ళు ఆలోచించింది.

అదే గదిలో కమిటీ వేశారు. పడవలవాళ్ళ తరఫున ఇద్దరు, వలలవాళ్ళ తరఫున ఒకరు, గుల్లలవాళ్ళ తరఫున ఒకరు. యమ్నా తలగుడ్డ సర్దుకుని కూర్చుంది. తన పేరు ఎవరో ఒకరు అంటారని ఆమెకు నమ్మకం. ఖద్దూజా అవ్వ లేచి, "వసీలాను వెయ్యండి. గొంతుంది, చదువుంది, మొగుడు అడ్డం రాడు" అంది. చేతులు లేచాయి. అందరూ తనకేసి చూస్తున్నారని తెలిసి యమ్నా కూడా ఎత్తింది, అందరికన్నా ఆఖర్న, భుజం దాకా.

ఆ రోజునుంచీ ఆమె కడుపులో కుంపటి రాజుకుంది. వసీలాకు ఆఫీసువాళ్ళు ఇచ్చిన రబ్బరు బూట్లు కనబడితే చాలు, టీ గిన్నె పొంగిపోయేది. దారిన పోయే పడవలవాళ్ళు "ఏం వసీలమ్మా, బాగున్నావా?" అని పలకరిస్తే, వాళ్ళు తనకెన్నడూ చేయెత్తలేదని గుర్తుకొచ్చేది. వసీలా ఫోను మోగితే ఈమె చెవులు రిక్కించేది. ఇసుకలోకి దిగేచోట, "దారివ్వండే, దొరసాని గారు దిగుతున్నారు" అనేది. మొదట్లో వసీలా కూడా నవ్వేది. పోనుపోను నవ్వడం మానేసి, కాస్త దూరంగా తవ్వుకోసాగింది. ఆ దూరం చూసి యమ్నా, "చూశారా పొగరు" అనేది.

ఒకసారి వసీలా ఇంటికొచ్చి, "అక్కా, మీటింగుకి నువ్వూ రా. నాకన్నా నీకే తెలుసు" అని పిలిచింది.

"నన్నెందుకు లాగుతావమ్మా? నీ వెనక చేతిసంచీ మొయ్యడానికా?"

వసీలా మళ్ళీ పిలవలేదు. అదీ ఒక నేరమే అయింది.

యమ్నా మొగుడు బూబక్కర్ ఒక మధ్యాహ్నం కంచంలో రొట్టె తుంచుకుంటూ, "ఆ పిల్ల నీకేం చేసిందే? నీకేం తక్కువైందని?" అన్నాడు.

"నాకేం తక్కువైంది? ఏమీ తక్కువ కాలేదు. దానికే ఎక్కువైంది" అంది యమ్నా.

మార్చి నెలలో కమిటీ అందరినీ తీరం వెంట నడిపించింది. పిల్లగుల్లలు ఎక్కడ పుట్టి పెరుగుతున్నాయో కనిపెట్టి, ఆ చోటుని రెండేళ్ళు మూసెయ్యాలని అనుకున్నారు. యమ్నా కూడా వెళ్ళింది. రానంటే తనకు చేతకాక రాలేదంటారని భయం. తెల్లమేట మీద కొడవలి వేసినచోటల్లా చిన్నచిన్న గుల్లలు గుప్పెళ్ళ కొద్దీ వచ్చాయి. సిహామ్ కొలిచి రాసుకుంది. అందరి మొహాలూ వెలిగాయి.

వసీలా ఒక గుల్లని తీసుకుని జనంలోంచి పక్కకొచ్చింది. "అక్కా, ఇవి పిల్లలే కదా?" అని నెమ్మదిగా అడిగింది.

యమ్నా గుల్లని అందుకుని బొటనవేలితో రాసింది. చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోయింది. చిప్ప మీది గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. ఏడాదికో గీత, ఆరేడేళ్ళ గుల్ల అది. తెల్లమేట గట్టినేల, నీళ్ళు ఎక్కువసేపు నిలవవు, తిండి అందదు. అక్కడి గుల్లలు గిడసబారిపోయి ఎన్నేళ్ళైనా అంతే ఉంటాయి. అసలు పిల్లలు పెరిగేది అక్కడ కాదు. కాలువ మలుపు లోపలి వైపు, చీలమండ దాకా బురద ఉండేచోట. ఆ చోటుని యమ్నా తల్లి కాలువ ఒడి అనేది. అక్కడ తవ్వొద్దే, అది పురిటిగది అని చిన్నప్పుడు చెప్పింది.

అంతా నాలుక చివర దాకా వచ్చింది. వసీలా చేతిలోని నోటు పుస్తకం కనబడింది. ఈ మాట చెబితే ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది, ఆ పుస్తకంలోంచి మీటింగుకి పోతుంది, మళ్ళీ చప్పట్లు.

"నన్నడుగుతావేంటి? కమిటీలో ఉన్నది నువ్వా, నేనా?"

"చెప్పక్కా."

"నీకు తెలీనిది ఏముందమ్మా ఇప్పుడు" అని గుల్లని వెనక్కిచ్చింది.

వసీలా దాన్ని అందుకుంది. తర్వాత వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా తెల్లమేట చుట్టూ ఈతకమ్మలు పాతేశారు.

రేపు చెబుదాం అనుకుంది యమ్నా. మర్నాడు వసీలా మాట్లాడిన మాటలు రేడియోలో వచ్చాయి. ఊరంతా ఒక్కచోట చేరి విన్నారు. "మా తీరం గురించి మాకే తెలుసు" అంటోంది రేడియోలో వసీలా. గుట్టలమీదినుంచి వచ్చినదానికి 'మా తీరం'! ఆ వారం చెప్పలేదు. ఆ తర్వాత రంజాన్ వచ్చింది, పండగ వచ్చింది. ప్రతి వారానికీ ఏదో ఒక కారణం దొరికేది. కొన్నాళ్ళకు వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. ఆలస్యమైపోయింది అనే కారణం ఒక్కటీ సరిపోయింది.

తెల్లమేట మూసేయడంతో ఆడవాళ్ళు కొత్తచోట్లు వెతుక్కుంటూ కాలువ ఒడిలోకి దిగారు. మెత్తటి బురద, తేలిగ్గా తవ్వొచ్చు. వేలిగోరంత గుల్లలు కొడవలికి తగిలి పైకొచ్చేవి, పనికిరావని పక్కన పారేసేవారు. ఆటు తీసిన ఎండలో అవి నోళ్ళు తెరుచుకుని చచ్చేవి. తెల్లపిట్టలు గుంపులుగా వాలి తినేవి. యమ్నా దూరంనుంచి చూసేది. తాను మాత్రం అక్కడ ఒక్క గుచ్చు కూడా గుచ్చలేదు. నేను తవ్వలేదుగా అనుకునేది. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా మనసు కుదుటపడేది కాదు.

రెండో ఏడు అక్టోబరులో, ఎండాకాలం ఆపిన తవ్వకాలు మళ్ళీ మొదలయ్యేసరికి గుల్లల్లేవు. మొదటి రోజు ఆరుగంటలు తవ్వి, బుట్టలో గుప్పెడు గుల్లలతో ఇళ్ళకొచ్చారు. రెండోరోజు ఆ గుప్పెడూ లేదు. కమ్మలు పీకి తెల్లమేట తవ్వి చూశారు. రెండేళ్ళ కింద ఎంతున్నాయో అంతే ఉన్నాయి, గిడసబారిన గుల్లలు, ఎవరూ కొనరు. మూడో రోజు అందరూ బడి గదిలో చేరారు.

వసీలా ముందు నిలబడింది. గది అంతా ఒక్కసారిగా మీద పడింది.

"రెండేళ్ళు మా నోళ్ళు కట్టేశావు. ఏం పెంచావు అక్కడ, రాళ్ళా?"

"గొర్రెలు కాసుకునేదాన్ని తెచ్చి సముద్రం చేతిలో పెడితే ఇంతే!"

"ఎవరు చెప్పారే నీకు అవి పిల్లలని?"

మూలన కూర్చున్న యమ్నాకు ఆ మాటలు ఎండవేళ చల్లటి మజ్జిగ తాగినట్టు దిగాయి. దొరసానమ్మా, ఇప్పుడు మాట్లాడు రేడియోలో అనుకుంది. రెండేళ్ళుగా తాను ఎదురుచూసింది దీనికోసమే. ఇంకా కొంచెం తిట్టండి, బూట్లగురించి ఎవరూ ఏమీ అనలేదు అని కూడా అనుకుంది.

"చెప్పవేం? ఎవరు చెప్పారు?" అని ఖద్దూజా అవ్వ కర్ర నేలకేసి కొట్టింది.

వసీలా తలెత్తి ఒక్కసారి యమ్నాకేసి చూసింది. ఎక్కువసేపు కాదు. తర్వాత చూపు తిప్పేసుకుని, "ఎవరూ చెప్పలేదు అవ్వా. నేనే అనుకున్నాను. తప్పు నాదే. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకోండి" అంది.

గది మెత్తబడింది. ఎవరో "పోనీలే పాపం" అన్నారు. ఇంకెవరో నీళ్ళు అందించారు.

యమ్నాకు ఒళ్ళంతా భగ్గుమంది. తిట్లు తింటూ కూడా గెలిచేస్తోందే ఇది! నన్ను కాపాడుతోందట. పెన్సిలు దానిదే, బూట్లు దానివే, రేడియో దానిదే, ఆఖరికి మంచితనం కూడా దానిదేనా? జన్మంతా దాని దయ కింద బతకాలా నేను? లేస్తున్నానని తెలియకుండానే లేచి నిలబడింది.

"అది అబద్ధమాడుతోంది. నన్నడిగింది. గుల్లని నా చేతిలో పెట్టి, ఇవి పిల్లలేనా అక్కా అని అడిగింది. కావని నాకు తెలుసు. చెప్పలేదు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. యమ్నాయే మళ్ళీ చెప్పింది, గీతల సంగతీ, కాలువ ఒడి సంగతీ, తల్లి మాటా.  

"ఎందుకు చెప్పలేదే?" అంది ఖద్దూజా అవ్వ.

"కుళ్ళు" అంది యమ్నా. ఇంకో మాట దొరకలేదు.

"నీ కుళ్ళు నువ్వు తిను. మా పిల్లల ఎసట్లో ఎందుకు పోశావు?" అంది అవ్వ.

ఆ చలికాలమంతా యమ్నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్ళు గాడిదబండి మీద తీరానికి పోయేవారు. ఈమె ఎక్కబోతే, "చోటు లేదు" అనేవారు, సగం బండి ఖాళీగా ఉన్నా. ఒంటరిగా నడిచిపోయి ఒంటరిగా తవ్వుకుని వచ్చేది. బూబక్కర్ కూడా అంతే. రొట్టె తుంచుకుని తినేసి లేచిపోయేవాడు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించేది.

ఒక్క వసీలా మాత్రం మీటింగు అయిన నాలుగో రోజున వచ్చింది. గుమ్మంలోనే కూర్చుంది. పోసిన టీ ముట్టుకోలేదు.

"అడిగాను కదక్కా. నీ కళ్ళలోకి చూసి అడిగాను."

"అడిగావు."

"నామీద కోపం ఉంటే నన్ను కొట్టాల్సింది. అరవై ఇళ్ళమీద తీర్చుకున్నావు."

యమ్నా కుంపటి బొగ్గులు ఎగదోస్తూ కూర్చుంది. "పెన్సిలు నేనే ఇచ్చాను నీకు" అంది.

"ఇచ్చావు. వెనక్కి అడిగితే ఇచ్చేసేదాన్ని."

"అడగాలా నేను?"

"మరి నాకెలా తెలుస్తుంది? గుట్టలమీదినుంచి వచ్చినదాన్ని" అంది వసీలా. ఆమె గొంతులో వెటకారం ఉంది. అది వినగానే యమ్నాకు కాస్త ఊపిరాడింది. జాలి అయితే భరించలేకపోయేది.

వసీలా లేస్తూ, "రేపు ఆటు పదింటికి. కాలువ ఒడి ఎక్కడ మొదలవుతుందో చూపిస్తావా, నన్నే వెతుక్కోమంటావా?" అంది.

"నువ్వు వెతికితే ఇంకో రెండేళ్ళు పడుతుంది."

మర్నాడు ఇద్దరూ బురదలో దిగారు. యమ్నా అడుగుకో చోట వంగి, గుప్పెడు బురద తీసి నీళ్ళలో జాడించి చూసింది. నూటికి ఒకచోట వడ్లగింజంత గుల్ల కనబడేది. కనబడినచోట ఈతకమ్మ పాతింది. వసీలా తాడు కట్టుకుంటూ వెనక వచ్చింది. మూడు రోజులు పట్టింది. రెండో రోజు వసీలా బూటు బురదలో ఇరుక్కుపోతే యమ్నా పీకి ఇచ్చింది. "మంచి బూట్లే" అంది, ఇంకేమీ అనకుండా ఉండడానికి కష్టపడుతూ.

వసీలాను ఎవరూ తీసెయ్యలేదు; కమిటీ దుప్పటిని మళ్ళీ పరిచింది. తెల్లమేట తెరిచి, కాలువ ఒడిని మూసేశారు. కాపలా వంతులు వేసుకున్నారు. ఎవరూ తీసుకోని చోటు, మిట్టమధ్యాహ్నం ఎండలో కాలువ మలుపు, యమ్నాకు పడింది. ఆమె ఎదురు చెప్పలేదు. ఒకరోజు సొంత పినతల్లి కూతురే కొడవలితో లోపలికొస్తే, బుట్ట లాక్కుని నీళ్ళలో బోర్లించింది. ఆ కబురు ఊళ్ళోకి పోయింది. వారం తర్వాత గాడిదబండి ఆమె గుమ్మం ముందు ఆగింది. ఎవరూ పిలవలేదు, పక్కకు మాత్రం జరిగారు. యమ్నా ఎక్కి కూర్చుంది.

మూసిన మూడో వసంతానికి కాలువ ఒడిలో బెజ్జాలు కనిపించాయి. పక్కపక్కనే రెండేసి, ముత్యాల పేరు పరిచినట్టు. ఆ సంగతి చెప్పడానికి రాజధానికి రమ్మని పిలుపు వచ్చింది, వసీలాకి. వసీలా వెళ్ళింది. అక్కడ యమ్నా పేరు నాలుగుసార్లు చెప్పిందట. సిహామ్ వచ్చి చెబితే, "నాలుగు సార్లేనా?" అంది యమ్నా.

ఆ ఏడు ఆకురాలే కాలంలో కమిటీకి మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి చేతులెత్తడం కాదు, గుర్తులున్న చీటీలు. యమ్నా నిలబడింది. వసీలాకు ఎదురుగానే నిలబడింది. ముఖాముఖీ వెళ్ళి, "నీమీద నిలబడుతున్నాను" అని చెప్పింది కూడా. రాయడం రాదని ఎవరో అంటే, "కొడవలి పట్టడం వచ్చు, నిజం చెప్పడం ఈమధ్యనే వచ్చింది, రాయడం కూడా వస్తుంది" అంది. ఖద్దూజా అవ్వ పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది.

మూడు చీటీల తేడాతో ఓడిపోయింది.

బడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే వసీలా పక్కన వచ్చి నిలబడింది. "అక్కా, నేను నీకే వేశాను" అంది.

యమ్నా చెప్పులోకి కాలు దూర్చింది. మళ్ళీ ఆ కుంపటి కడుపులో ఎర్రబడింది. ఓటు వెయ్యడంలో కూడా పెద్దమనిషేనా ఇది!

"నేనూ నాకే వేసుకున్నాను లే" అంది విసురుగా.

వసీలా ఆపుకోలేక నవ్వేసింది. యమ్నా నవ్వలేదు. కానీ ఇద్దరూ కలిసే నడిచారు. దారిలో, కాలువ ఒడి తాడును ఇంకో ఇరవై అడుగులు తూర్పుకి జరపాలనీ, నీళ్ళు అటు మళ్ళుతున్నాయనీ యమ్నా చెప్పింది. వసీలా నోటు పుస్తకం తీసింది.

"నా పేరు కూడా రాయి" అంది యమ్నా. వసీలా రాసేదాకా నిలబడి, తనకు చదవడం రాకపోయినా, తొంగి చూసింది.